బ్రిడ్జ్ ప్రశ్నలు, జవాబులు: డమ్మీ పరిచాక ఒక్క నిమిషం ఆగండి

ప్రశ్న: రిటైరయ్యాక క్లబ్బులో బ్రిడ్జ్ మొదలుపెట్టాను. స్టేమన్, ట్రాన్స్‌ఫర్, బ్లాక్‌వుడ్ దగ్గర్నుంచి పది పన్నెండు కన్వెన్షన్లు (ఆటకి ముందు పాడే పాటలో, అంటే బిడ్లలో, పార్ట్‌నర్లు ముందే అనుకున్న ప్రత్యేక అర్థాలు) వచ్చు. బిడ్డింగ్‌లో పెద్దగా ఇబ్బంది లేదు కానీ, మూడు నో ట్రంప్ (తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు, అంటే పట్లు, గెలవాల్సిన కాంట్రాక్టు) ఆడితే ఎక్కువసార్లు ఒక్క ట్రిక్కుతో పోతోంది. ఇంకా ఏ కన్వెన్షన్ నేర్చుకోవాలి? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఒక్కటి కూడా వద్దండీ. ఉన్నవాటిలో సగం పక్కన పెట్టినా మీకొచ్చే నష్టం లేదు. మన క్లబ్బుల్లో చాలామందికి ఉన్న జబ్బే ఇది, ఆట పోగానే కొత్త కన్వెన్షన్ వెతుక్కుంటారు. మీకు పోతున్నది బిడ్డింగ్‌లో కాదు, డమ్మీ (అంటే మీ పార్ట్‌నర్) తన ముక్కలు టేబుల్ మీద పరిచిన మొదటి పది సెకన్లలో. ఎదుటివాడు లీడ్ (మొదటి ముక్క) వెయ్యగానే డమ్మీ నుంచి చిన్నముక్క లాగేసి, ఆ తర్వాత ఆలోచించడం మొదలుపెడుతున్నారని నా అనుమానం.

ఒక చెయ్యి చూద్దాం. మీ దగ్గర ఇస్పేటు ఆసు, రాజు, 5. ఆఠీను ఆసు, 6, 2. డైమను రాణి, 8, 4. కళావరు ఆసు, 7, 5, 3. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన మొత్తం 17 పాయింట్లు, ఒక నో ట్రంప్ చెప్పారు. పార్ట్‌నర్ 10 పాయింట్లతో మూడుకి లేపేశారు. డమ్మీలో ఇస్పేటు రాణి, 6, 3. ఆఠీను 7, 4. డైమను ఆసు, జాకీ, 10, 9, 3. కళావరు రాజు, 6, 2. మీ ఎడమవైపు ఆయన ఆఠీను 5 లీడ్ చేశాడు, డమ్మీ 4 వేసింది, కుడివైపు ఆయన రాజు వేశాడు.

ఇక్కడ ఆగండి. ఖాయంగా వచ్చే ట్రిక్కులు లెక్కపెట్టండి: ఇస్పేట్లు మూడు, ఆఠీను ఒకటి, డైమను ఒకటి, కళావర్లు రెండు, వెరసి ఏడు. తొమ్మిదికి ఇంకో రెండు కావాలి, అవి డైమన్లలోనే దొరుకుతాయి. రాణి వేసి ఫినెస్ చెయ్యాలి (రాజు ఎడమవైపు ఉందన్న ఆశతో డమ్మీ ఆసు వెయ్యకుండా వదలాలి), రాజు కుడివైపు ఉంటే ఆ ఒక్క ట్రిక్కు పోతుంది, అయినా మిగతా నాలుగు డైమన్లు మనవే. మరి భయం ఎక్కడ? ఆ రాజు పట్టిన మనిషి వెంటనే ఆఠీను తిప్పి కొట్టడం దగ్గర. మీరు మొదటి ట్రిక్కులోనే ఆసు వేసేసి ఉంటే, ఎడమాయన చేతిలో ఐదు ఆఠీన్లు ఉన్న పక్షంలో మిగిలిన నాలుగూ లాగేస్తాడు, డైమను రాజుతో కలిపి ఐదు. ఒక్క ట్రిక్కుతో పోయారు, మీరు రాసిన కథే.

అందుకని ఆసు బిగబట్టండి. మొదటి రౌండు వదలండి, రెండోదీ వదలండి, మూడోసారి ఆసు వెయ్యండి. ఎన్నిసార్లు వదలాలో గుర్తుండటానికి ఏడు లెక్క ఉంది: ఆ రంగులో మీకూ డమ్మీకీ కలిపి ఉన్న ముక్కల్ని ఏడులోంచి తీసెయ్యడమే. ఇక్కడ ఐదు ముక్కలు, కాబట్టి రెండుసార్లు. ఆఠీన్లు ఎడమాయన దగ్గర ఐదు, కుడివైపాయన దగ్గర మూడుగా (5-3) ఉంటే ఇప్పుడు కుడివైపాయన చేతిలో ఒక్క ఆఠీను కూడా మిగలదు, డైమను రాజు పట్టినా తన పార్ట్‌నర్ చేతికి ఆట పంపలేడు. 4-4గా ఉంటే వాళ్లకి మూడు ఆఠీన్లు, ఒక డైమను, అంతే, మీ తొమ్మిది మీకొచ్చేస్తాయి.

ఇంకో చిన్న సంగతి. పొడుగు రంగులో పైనుంచి నాలుగో పెద్ద ముక్క లీడ్ చేసే అలవాటున్న వాళ్ల మీద పదకొండు లెక్క కట్టొచ్చు: 11లోంచి లీడ్ ముక్క అంకె తీసేస్తే, దానికన్నా పెద్దవి మిగతా మూడు చేతుల్లో ఎన్ని ఉన్నాయో వస్తుంది. ఇక్కడ ఆరు. డమ్మీలో ఒకటి (7), మీ దగ్గర రెండు (ఆసు, 6), అంటే కుడివైపాయన దగ్గర మూడు. 5 కన్నా చిన్నవాటిలో 2 మీదే, 4 డమ్మీది, కనిపించనిది 3 ఒక్కటే. ఆ 3 ఎడమవైపు నుంచి పడిందంటే లీడ్ చేసినాయన దగ్గర సరిగ్గా ఐదు ఆఠీన్లున్నట్టే. ఇదంతా లీడ్ పడిన నిమిషంలో చేసుకోవాల్సిన లెక్క. క్లబ్బులో ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మొదటి ట్రిక్కు దగ్గర డిక్లేరర్ (కాంట్రాక్టు ఆడే మనిషి) ఆలోచించుకోవడంలో తప్పేం లేదు.

ప్రశ్న: రమ్మీ చిన్నప్పట్నుంచీ ఆడుతున్నాను. బ్రిడ్జ్‌కి అది పనికొస్తుందా? ఇంట్లోవాళ్లు మాత్రం రెండూ పేకాటే కదా, జూదమే కదా అంటున్నారు. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: పడిన ముక్కలు గుర్తుపెట్టుకునే అలవాటు బాగా పనికొస్తుంది, జోకర్ మీద ఆశ పెట్టుకునే అలవాటు అస్సలు పనికిరాదు. అసలు తేడా పార్ట్‌నర్. రమ్మీలో మీ సంగతి మీరు చూసుకుంటే చాలు, ఇక్కడ ఎదురుగా కూర్చున్న మనిషికి అర్థమయ్యేలా ఆడాలి, అది ఒంటబట్టడానికి కొంచెం టైం పడుతుంది. తురుపు పెట్టి ఆడే ఆట ఏదైనా ముందే వచ్చి ఉంటే సులువు.

ఇంట్లోవాళ్లకి రెండు మాటలు చెప్పండి. సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేననీ, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేననీ చెప్పింది. పందేలు కాసే ఆటల మీద నిర్వాహకులు లాభం తీసుకుంటే అది వేరే సంగతని కూడా అదే తీర్పులో ఉంది, అది దాచకండి. ఇక బ్రిడ్జ్ పోటీల్లో ఆ పంచే అదృష్టం కూడా చాలావరకు పోతుంది, ఎందుకంటే డూప్లికేట్ పద్ధతిలో అవే చేతుల్ని అన్ని టేబుళ్ల దగ్గరా ఆడిస్తారు. మీకొచ్చిన చెత్త ముక్కలే అక్కడ అదే సీటులో కూర్చున్న ఇంకొకరికీ వస్తాయి, ఎవరు బాగా ఆడారన్నదే లెక్క. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ మొదటిసారి పెట్టినప్పుడు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల పెయిర్స్‌లో మనకి స్వర్ణం తెచ్చారు. బర్ధన్ గారికి అప్పుడు 60 ఏళ్లు. జూదగాళ్లకి స్వర్ణ పతకం ఇవ్వరు కదా అని అడిగి చూడండి.

ప్రశ్న: నేనూ మా ఆయనా పార్ట్‌నర్లం. ప్రతి చెయ్యి అయ్యాక టేబుల్ దగ్గరే గొడవ, ఇంటికెళ్లే దారిలో దాని రెండో భాగం. (పేరు వద్దన్నారు, విశాఖపట్నం)

జవాబు: రెండో భాగం ఉండాల్సిందే, మొదటిదే వద్దు. టేబుల్ దగ్గర ఒకటే మాట, "సరే, తర్వాత". చెయ్యి నంబరు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, ఇంటికెళ్లి కాఫీ తాగాక తియ్యండి. అప్పుడు కూడా "నువ్వెందుకు అది వేశావ్" అని కాకుండా "నా బిడ్ నీకెలా అర్థమైంది" అని అడగమనండి మీ ఆయన్ని. నూటికి తొంభై గొడవలు ఇద్దరూ ఒకే బిడ్‌ని రెండు రకాలుగా అనుకోవడం వల్లే వస్తాయి. టేబుల్ దగ్గర తిట్టుకున్నవాళ్లు తర్వాతి చేతిలో ముక్కలు లెక్కపెట్టలేరు, మనసంతా ఆ తిట్ల మీదే ఉంటుంది, ఎదుటివాళ్లకి అదే పండగ. ఇంకోటి: ఆయన బిడ్ నచ్చనప్పుడు నిట్టూర్చడం, కళ్లెర్రజెయ్యడం మానండి. నిబంధనల ప్రకారం పార్ట్‌నర్‌కి కబురు బిడ్లూ ముక్కల ద్వారానే వెళ్లాలి.

ప్రశ్న: శాతాలు కంఠతా పట్టాలా? నాకు లెక్కలంటే టెన్షన్. (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఒక్క సూత్రం చాలు. మీకూ డమ్మీకీ లేని ముక్కలు బేసి సంఖ్యలో ఉంటే అవి దాదాపు సమంగా విడిపోతాయి, రెండుకి మించిన సరి సంఖ్యలో ఉంటే సమంగా విడిపోకపోవడమే ఎక్కువ. ఐదు ఉంటే 3-2 అవ్వడం 68 శాతం. ఆరు ఉంటే 4-2 అవ్వడం 48 శాతం, 3-3 అవ్వడం 36 శాతమే. పదమూడు దాకా లెక్కపెట్టడం వస్తే మిగతాది అదే వస్తుంది. ముందు ఒక్క రంగు లెక్కపెట్టండి, తురుపో, ఎదుటివాళ్లు లీడ్ చేసిందో. నాలుగు రంగులూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు వారంలో మానేస్తారు.

ప్రశ్న: రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో రోబోలతో ముప్పై నలభై చేతులు ఆడుతున్నా, ఎదుగుదల లేదు. (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఎనిమిది ఆడండి, అందులో పోయినవాటిని మళ్లీ తెరవండి. అదే చేతిని మిగతావాళ్లు ఎలా ఆడారో సైట్ చూపిస్తుంది, మీకు పోయి వాళ్లకి వచ్చిన చోట ఏ ట్రిక్కు దగ్గర దారి మారిందో వెతకండి. రోబోతో బిడ్డింగ్ అలవాటు చేసుకుంటే మాత్రం మనుషులతో కూర్చున్నప్పుడు చిక్కు, దాని బిడ్లకి దాని సొంత అర్థాలుంటాయి.

ప్రశ్న: నా ఓపెనింగ్ లీడ్ ఎప్పుడూ డిక్లేరర్‌కే ఉపయోగపడుతోంది. (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: బిడ్డింగ్ వినకుండా ముక్కలు చూసి లీడ్ చేస్తున్నారు. పార్ట్‌నర్ ఏదైనా రంగు చెప్పి ఉంటే ముందు దాని సంగతి చూడండి. లేకపోతే నో ట్రంప్ మీద పొడుగాటి రంగులో నాలుగోది, రాజు రాణి జాకీ వరసగా ఉంటే రాజు. తురుపు కాంట్రాక్టు మీద మాత్రం ఆసు చేతిలో ఉంచుకుని దాని కింది చిన్నముక్క వెయ్యొద్దు, డిక్లేరర్ దగ్గర ఒంటరి రాజు ఉంటే ఊరికే ట్రిక్కు ఇచ్చినట్టే. ఒకే ముక్క ఉన్న రంగు లీడ్ చెయ్యాలని అందరికీ సరదాగా ఉంటుంది, కానీ మీ చేతిలోనే 14 పాయింట్లుండి ఎదుటివాళ్లు గేమ్‌కి (బోనస్ వచ్చే పెద్ద కాంట్రాక్టుకి) వెళ్లారంటే పార్ట్‌నర్ దగ్గర ఏమీ లేనట్టే, ఆ రంగు మళ్లీ ఆడి మీకు కోత (తురుపుతో కొట్టే వీలు) ఇవ్వడానికి ఆయనకి చెయ్యే దొరకదు. అలాగే మీ దగ్గర నాలుగు తురుపులుంటే ఒంటి ముక్క మాట మర్చిపోయి మీ పొడుగు రంగే ఆడుతూ ఉండండి, డిక్లేరర్ దాన్ని కోసి కోసి తురుపులు అయిపోగొట్టుకుంటాడు.