రెండు ఎన్నికల నడుమ: ఒక యువ రచయితకు లేఖ

చిక్కడపల్లి,
హైదరాబాదు.

మిత్రునికి నమస్కారం.

మీ ప్రాంతపు మాజీ శాసనసభ్యుని రాజకీయ జీవితంపై మీరు రాసిన రాతప్రతి అందింది. ఆసాంతం చదివాను. వాక్యం మీద మీకు పట్టుంది, మనుషుల మాటతీరు మీ చెవికి బాగా తెలుసు. ఆ విషయంలో నేను చెప్పవలసిందేమీ లేదు. నా అభ్యంతరమంతా అధ్యాయాల విభజనతోనే. టిక్కెట్టు, నామినేషన్, ప్రచారం, లెక్కింపు, గులాల్ చల్లుకుంటూ ఊరేగింపు, ఆ వెంటనే తరువాతి అధ్యాయంలో మళ్లీ టిక్కెట్టు. నాలుగుసార్లు గెలిచి రెండుసార్లు ఓడిన మనిషి జీవితంలో పోలింగు రోజులు ఆరే. మిగిలిన సంవత్సరాలన్నీ ఆయన ఏం చేశారో మీ పుస్తకం చదివినవారికి తెలియదు. అవే ఈ పుస్తకానికి అసలు సరుకని నా అభిప్రాయం.

ముందు సభ సంగతి చూద్దాం. ‘ప్రజాసమస్యలపై అసెంబ్లీలో గళమెత్తారు’ అని పదేపదే రాశారు. ఏ సమస్య, ఏ రోజు, ఏ మంత్రిని అడిగారు, ఆ మంత్రి ఏం చెప్పారు? శాసనసభ చర్చల అధికారిక నివేదికల్లో ఇదంతా మాటకు మాటగా ఉంటుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్న, ఒకటి తీసి నిదానంగా చదవండి. ఫలానా చెరువు కట్టకు గండి పడిన మాట వాస్తవమేనా అన్నది మొదటి భాగం, అయినచో తీసుకున్న చర్యలేమిటన్నది రెండో భాగం అనుకోండి. మొదటిదానికి ‘లేదండి’, రెండోదానికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని జవాబు వస్తుంది. చాలామంది అక్కడే పేజీ తిప్పేస్తారు. కాని మంత్రి ‘లేదండి’ అన్న తరువాత ఈయన కూర్చుండిపోయారా, లేక గండి పడిన తేదీ, మునిగిన ఎకరాలు చెప్పి అనుబంధ ప్రశ్నతో మళ్లీ నిలదీశారా, పక్క నియోజకవర్గం సభ్యుడు పార్టీ భేదం మరిచి గొంతు కలిపారా అన్నది ఆ కింది పంక్తుల్లోనే ఉంటుంది. అక్కడ దొరికే మనిషి ఎన్నికల సభలో మైకు పట్టుకున్న మనిషి కాడు. ఆయన సభలో నోరు మెదపనే లేదని తేలినా బెంగపడకండి, అదీ రాయండి.

బిల్లును గెలిపించే బలం గాని ఓడించే బలం గాని లేని సభ్యునికి ప్రశ్నే ఆయుధమని మరువవద్దు. ఎల్లారెడ్డి నుంచి 1967లోనూ 1972లోనూ గెలిచిన ఈశ్వరీబాయి రిపబ్లికన్ పార్టీ వంటి చిన్న పార్టీ సభ్యురాలు. ఆమెను ఈనాటికీ తలుచుకోవడానికి కారణం ఆమె పొందిన పదవులు కావు, సభలో ఆమె మాట. ఇల్లందు నుంచి 5 సార్లు ఎన్నికైన గుమ్మడి నర్సయ్య విషయంలో మన రచయితలు ఒక పొరపాటు చేస్తూనే ఉన్నారు: ఆయన సైకిలు గురించి రాయనివారు లేరు, పోడు భూముల గురించీ అడవి బిడ్డల గురించీ ఆయన సభలో ఏమన్నారో వెతికి రాసినవారు అరుదు. నిరాడంబరత గొప్ప గుణమే, కాని అదొక్కటే రాస్తే ఆయన చేసిన పని మరుగున పడిపోతుంది. మీ పుస్తకంలో ఖద్దరు చొక్కాకు ఒక పేజీన్నర ఇచ్చారు. దానిని నాలుగు వాక్యాలకు కుదించండి.

ఇక ఇంటి దగ్గరి సంగతి. రెండు సమావేశాల మధ్య 6 నెలలకు మించి ఎడం ఉండరాదని మాత్రమే రాజ్యాంగం అడుగుతుంది కనుక, ఏడాదిలో అత్యధిక భాగం సభ్యుడు నియోజకవర్గంలోనే గడుపుతాడు. నేను విలేఖరిగా తిరిగిన కాలంలో చూసిన ఉదయాలు చెబుతాను. ఇంకా తెల్లగా తెల్లవారకముందే వాకిట్లో కుర్చీలు నిండేవి. గురుకులంలో సీటు కోసం మనుమరాలిని వెంటబెట్టుకొచ్చిన ముసలాయన, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొలం ఎండుతోందని వచ్చిన రైతులు, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఆస్పత్రి బిల్లులు ప్లాస్టిక్ సంచిలో పట్టుకొచ్చిన ఇల్లాలు అక్కడ ఎదురుచూసేవారు. పీఏ లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి ముందుంచేవాడు, ఎమ్మెల్యే సంతకం పెట్టేవారు. అందరికీ ఉత్తరం దొరికేది. అందరి పనీ అయ్యేది కాదు. ఏ ఉత్తరం వెనక ఫోను వెళుతుందో, ఏది వట్టి కాగితంగానే మిగిలిపోతుందో పీఏకు తెలుసు, తహసీల్దారుకు తెలుసు, వచ్చినవారిలో అనుభవం ఉన్నవారికీ తెలుసు. అందుకే వారు ఉత్తరం చేతికందినా కదలక, ‘సార్, ఒక్క మాట ఫోన్ల చెప్పుండ్రి’ అని నిలబడేవారు. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లోనూ ఇదే తంతు. నిమ్స్‌కో గాంధీకో రోగిని తెచ్చుకున్న ఊరివాళ్లు చాపలు పరుచుకుని అక్కడే పడుకునేవారు.

మీ కథానాయకుని పాత పీఏ ఉంటే ఆయన్ని వెతికి పట్టుకోండి. ఎవరికి ఫోను వెళ్లేదో, ఏ కులంవారికి, ఏ ఊరివారికి, ఏ కార్యకర్త వెంట వచ్చినవారికి వెళ్లేదో తెలిస్తే ఆయన రాజకీయమంతా తెలిసినట్టే. 2014లో పేదింటి ఆడపిల్లల పెళ్లికి సాయమిచ్చే కల్యాణలక్ష్మి పథకం మొదలైన తరువాత చెక్కుల పంపిణీ కూడా ఈ దినచర్యలో చేరింది. శాసనాలు చేయవలసిన మనిషి చెక్కులు పంచే మనిషిగా మారడం నాకు నచ్చదు, కాని నాకు నచ్చకపోవడం వేరు, మీరు చూసింది రాయడం వేరు.

నియోజకవర్గం పేరు విషయంలో జాగ్రత్త అవసరం. 2009లో ఆయన పాత స్థానం వదిలి పక్క స్థానానికి ‘వలస వెళ్లారు’ అని రాశారు. ఆ ఎన్నికలు నియోజకవర్గాల కొత్త పునర్విభజన ప్రకారం జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం స్థానాలు 294గానే ఉన్నా హద్దులు మారాయి, కొన్ని పేర్లు మాయమయ్యాయి, ఎస్సీ స్థానాలు 39 నుంచి 48కి పెరిగాయి. ఆయన మండలం ఎటు పోయిందో, పాత స్థానం రిజర్వు అయిందో లేదో ఉత్తర్వులో చూడకుండా వలస అనడం అన్యాయం. అలాగే 2004 మెజారిటీని 2009 మెజారిటీతో పోల్చి ‘ఆదరణ తగ్గింది’ అన్నారు. ఓటర్లే మారినప్పుడు ఆ పోలిక నిలవదు.

పార్టీ మారిన అధ్యాయం మీ రాతప్రతిలో అన్నింటికంటే బలహీనం. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అనే పత్రికా ప్రకటనను మీరు యథాతథంగా దించేశారు. ఫిరాయింపు నిరోధక చట్టం 1985లో వచ్చింది. అంతకు ముందు గోడ దూకినవారు చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఆ తరువాత కూడా మూడోవంతు సభ్యులు చీలితే చెల్లేది. 2003లో ఆ వెసులుబాటు పోయి, మూడింట రెండు వంతుల సభ్యులు మరో పార్టీలో విలీనం కావడం ఒక్కటే మిగిలింది. 2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలో 18 మంది కాంగ్రెసు సభ్యులలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనప్పుడు లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది. అనర్హత పిటిషన్లపై నిర్ణయం స్పీకరుది, స్పీకరు పాలకపక్షం బలంతో ఎన్నికైనవారు. కనుక మీ కథానాయకుడు ఏ సంవత్సరంలో, ఎందరితో కలిసి, ఏ నియమం కింద మారారో చెప్పి, ఆ మారిన ఆరు నెలల్లో ఆయనకు గాని, ఆయన బంధువర్గానికి గాని ఏ పదవి, ఏ కాంట్రాక్టు వచ్చిందో పత్రికల్లో చూసి పక్కన పెట్టండి. వ్యాఖ్యానించనవసరం లేదు.

మంత్రి పదవి దక్కలేదన్న బాధకు మీరిచ్చిన చోటు ఎక్కువ. మంత్రివర్గం సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటరాదు గనుక 119 మంది ఉన్న సభలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే అవకాశం. ఆస్తులు, కేసుల విషయానికి 2003 తరువాతి అభ్యర్థుల అఫిడవిట్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. పాత పత్రికలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ వెళ్లండి.

ముద్రణ ఖర్చు ఆయన కుటుంబం భరిస్తుందని ఉత్తరంలో రాశారు. ఆ డబ్బు తీసుకోవద్దని నా సలహా. తప్పదనుకుంటే, తేదీలూ పేర్లూ సరిచూడడానికి మాత్రమే రాతప్రతి వారికి చూపుతానని ముందే కాగితం మీద రాసుకోండి. వారి ఇంటికి వెళ్లేలోగా, ఆయన చేతిలో ఓడిన అభ్యర్థులలో జీవించి ఉన్న ఒక్కరితోనైనా కూర్చుని మాట్లాడండి. మీ రాతప్రతిలో వారి పేర్లు ఓట్ల పట్టికలో తప్ప మరెక్కడా లేవు. ఆ సంభాషణ తరువాత తిరగరాసిన రెండో అధ్యాయాన్ని నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి