షార్క్స్‌కి సూపర్ రగ్బీ కప్పు ఎందుకు దక్కలేదంటే

దక్షిణాఫ్రికాలోని డర్బన్ షార్క్స్ జట్టు నాలుగుసార్లు ఫైనల్‌కి వెళ్లి కూడా సూపర్ రగ్బీ (దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడిన లీగ్) ఎందుకు గెలవలేకపోయింది, అసలు ఆ జట్టు చరిత్ర ఏమిటి అని అడిగారు. మొన్న 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు ఆడిన దగ్గర్నుంచి మనవాళ్లు కూడా రగ్బీ గురించి అడుగుతున్నారు, సంతోషం. నేను చక్కెర మిల్లుల పని మీద వెళ్లి డర్బన్‌లో కొన్నేళ్లు ఉన్నాను. షార్క్స్ సొంత మైదానమైన కింగ్స్ పార్క్ స్టేడియంలో గొంతు బొంగురుపోయేలా అరిచినవాణ్ణి. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఫైనల్ అంటే చేతులెత్తేసే జట్టని షార్క్స్ మీద వేసిన ముద్ర పచ్చి అబద్ధం. ఆ నాలుగింట్లో మూడు ఫైనల్స్ సముద్రాల అవతల, ప్రత్యర్థి ఊళ్లో ఆడారు. సొంత ఊళ్లో ఆడిన ఒక్కటీ ఒక్క పాయింటు తేడాతో పోయింది.

1996లో ఆక్లాండ్‌లో బ్లూస్ చేతిలో 45-21తో ఓడారు. 2001లో కాన్‌బెర్రాలో బ్రంబీస్ చేతిలో 36-6. ఆ స్కోరు చూసి నవ్వేవాళ్లకి, అంతకు ముందు ఏడాది ఇదే జట్టు పట్టికలో అట్టడుగున ఉందన్న సంగతి తెలియదు. అట్టడుగు నుంచి ఏడాదిలో ఫైనల్ దాకా వచ్చారు!

ఇక 2012 సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆరో స్థానంలో ఉండి నాకౌట్‌కి వచ్చారు కాబట్టి మొదట ఆస్ట్రేలియా వెళ్లి బ్రిస్బేన్‌లో రెడ్స్‌ని 30-17తో కొట్టారు. మళ్లీ విమానం ఎక్కి కేప్‌టౌన్ వచ్చి, ఆ వారమే స్టార్మర్స్‌ని వాళ్ల సొంత మైదానంలో 26-19తో ఓడించారు. మళ్లీ విమానం. ఈసారి న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో చీఫ్స్‌తో ఫైనల్. 37-6తో ఓడిపోయారు. మూడు వారాల్లో అన్ని సముద్రాలు దాటి వచ్చినవాళ్ల కాళ్లలో ఇంకేం ఓపిక ఉంటుంది? ఆ టోర్నమెంటు ఏర్పాటే అలా ఉండేది. పట్టికలో పైన ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు, కింద ఉన్నవాళ్లు భూగోళం చుట్టి వస్తారు. అందులోనూ దక్షిణాఫ్రికా జట్లకి ప్రయాణం ఎప్పుడూ ఎక్కువే. ఇది ఆటల పోటీయా, ఓర్పుకి పరీక్షా అని అప్పట్లో ఆఫీసులో రోజూ వాదించుకునేవాళ్లం.

కానీ అసలు గాయం 2007 మే 19.

ఆ ఏడాది షార్క్స్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. అంతకు ముందు ఏ దక్షిణాఫ్రికా జట్టూ అలా నిలవలేదు. కోచ్ డిక్ మ్యూర్, కెప్టెన్ జాన్ స్మిట్. సెమీఫైనల్‌లో బ్లూస్‌ని ఓడించారు. ఫైనల్ డర్బన్‌లోనే, ప్రిటోరియా బుల్స్‌తో. రెండూ దక్షిణాఫ్రికా జట్లే అయిన ఫైనల్ అదే మొదటిది.

నాకు టికెట్ సంపాదించి పెట్టింది మా పక్కింటి అంకుల్. ఆయన నాయుడు. అక్కడ 'నాయిడూ' అని రాస్తారు, పలుకుతారు. ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చాడట. ఆయనకి తెలుగులో వచ్చింది రామభజన పాటలు, అమ్మ, తాత, పప్పు లాంటి నాలుగు మాటలు. మిగతా అంతా ఇంగ్లీషే. నన్ను 'మై బాయ్' అనేవారు. అక్కడ వయసులో పెద్ద మగవాళ్లు ఎవరైనా అంకులే.

మధ్యాహ్నానికల్లా స్టేడియం పక్కనున్న ఖాళీ మైదానాలన్నీ కార్లతో నిండిపోయాయి. కారు డిక్కీ తెరిచి, పక్కనే బొగ్గుల పొయ్యి పెట్టి మాంసం కాల్చుకోవడం అక్కడి ఆచారం, దాన్ని బ్రాయ్ అంటారు. చుట్టలు చుట్టిన సాసేజ్‌లు కాలుతున్న పొగ, ఆ పొగలోంచే నలుపు తెలుపు జెర్సీలు, ప్రిటోరియా నుంచి వచ్చిన లేత నీలం జెర్సీలు. కొందరు తలకి ఎద్దు కొమ్ములు తగిలించుకుని తిరుగుతున్నారు. అంకుల్ వాళ్లావిడ మాకు మటన్ కూర, రోటీ కట్టి ఇచ్చింది. మా పక్క కారు దగ్గరున్న ఆఫ్రికానర్ (డచ్ మూలాలున్న తెల్లవాళ్లు) కుటుంబం రుచి చూస్తామని అడిగి మరీ తీసుకుని, బదులుగా సాసేజ్ ఇచ్చారు.

మ్యాచ్ అంతా చెప్పను, చివరి ఘట్టం చెబుతాను. 78వ నిమిషంలో ఆల్బర్ట్ వాన్ డెన్ బర్గ్ ట్రై కొట్టాడు, అంటే ప్రత్యర్థి గీత అవతల బంతిని నేలకి ఆనించాడు. దానికి ఐదు పాయింట్లు. షార్క్స్ 19, బుల్స్ 13. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఇక మిగిలింది ట్రై తర్వాత ఇచ్చే అదనపు కిక్, కన్వర్షన్. ఇక్కడే లెక్క చూడండి. అది స్తంభాల మధ్యలోంచి వెళ్తే రెండు పాయింట్లు కలిసి ఎనిమిది పాయింట్ల తేడా అవుతుంది. బుల్స్ ట్రై కొట్టి దానికి కన్వర్షన్ కూడా చేసినా వచ్చేది ఏడే. అంటే కప్పు డర్బన్‌దే. కిక్ తీసుకున్నది ఫ్రాన్సువా స్టెయిన్, ఇరవై ఏళ్ల కుర్రాడు. బంతి పక్కకి పోయింది.

జనం పెద్దగా పట్టించుకోలేదు. ఇంకెంతసేపు ఉందని, పాటలు మొదలుపెట్టారు. నా ముందు వరసలో ఒకాయన కూతుర్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. అంకుల్ మాత్రం కూర్చోలేదు, పాడలేదు. "బంతి బయటికి పోవాలి, బయటికి పోవాలి" అని గొణుగుతూ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. హూటర్ మోగింది. రగ్బీలో టైమ్ అయిపోయినా బంతి ఆటలో ఉన్నంతసేపు ఆట ఆగదు. బంతి బుల్స్ చేతిలో ఉంది. అక్కణ్ణుంచి బ్రయాన్ హబానాకి అందింది. కుడి వైపు నుంచి లోపలికి కోసుకుంటూ, ఒక్కొక్కణ్ణి తప్పించుకుంటూ స్తంభాల వైపు పరిగెత్తి ట్రై కొట్టాడు. ట్రై కొట్టిన చోటికి సూటిగానే కన్వర్షన్ కొట్టాలి కాబట్టి, అంచున కొట్టి ఉంటే కిక్ కష్టమయ్యేది. లోపలికి వచ్చి కొట్టాడు కాబట్టి డెరిక్ హౌగార్డ్‌కి తేలికైంది. 20-19. సూపర్ రగ్బీ గెలిచిన తొలి దక్షిణాఫ్రికా జట్టుగా చరిత్రలో బుల్స్ పేరు పడింది.

ఆ రాత్రి కార్లు కదలడానికి చాలాసేపు పట్టింది. అప్పుడే అంకుల్ అసలు చరిత్ర చెప్పారు. నన్నడిగితే ఈ జట్టు గురించి ఎవరైనా తెలుసుకోవాల్సింది అదే.

1976 జూలై 24న ఇదే కింగ్స్ పార్క్‌లో దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ టెస్టు మ్యాచ్ జరిగింది. జోహన్నెస్‌బర్గ్ పక్కన నల్లజాతివాళ్ల బస్తీ సొవెటోలో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపి నెలన్నర కూడా కాలేదు. ఆ సమయంలో న్యూజిలాండ్ అక్కడికి వెళ్లి ఆడుతోందనే ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్స్‌ని బహిష్కరించాయి. అంకుల్ అప్పటికి కుర్రాడు. వర్ణవివక్ష చట్టాల కింద వాళ్ల కుటుంబాన్ని డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి ఖాళీ చేయించి, భారత సంతతివాళ్లకి విడిగా కేటాయించిన చాట్స్‌వర్త్‌కి తరలించారు. తెల్లవాళ్లు కానివాళ్ల కోసం విడిగా ఉంచిన చోట నిలబడి ఆయన ఆ మ్యాచ్ చూశారు. అక్కడున్న వాళ్లంతా న్యూజిలాండ్ గెలవాలని అరిచారట. దక్షిణాఫ్రికా 16-7తో గెలిచింది. "మేం తలలు దించుకుని బస్సెక్కాం. మా దేశం గెలిచింది, మేం ఓడిపోయాం" అన్నారు.

షార్క్స్ అనే పేరు రాక ముందు ఈ జట్టు నటాల్. 1890లో పుట్టిన రగ్బీ సంఘం. 'బనానా బాయ్స్' అని పిలిచేవాళ్లు. చాలాకాలం పెద్ద జట్ల నీడలోనే ఉంది. 1984లో రెండో డివిజన్‌లో ఆడుతూ కూడా దక్షిణాఫ్రికా దేశవాళీ పోటీ కర్రీ కప్ ఫైనల్ దాకా వచ్చి వెస్టర్న్ ప్రావిన్స్ చేతిలో ఓడింది. చివరికి సరిగ్గా నూరేళ్లు నిండిన 1990లో, ఇయాన్ మెకింటాష్ కోచ్‌గా, క్రెయిగ్ జేమిసన్ కెప్టెన్‌గా, ప్రిటోరియాలోనే నార్తర్న్ ట్రాన్స్‌వాల్‌ని 18-12తో ఓడించి మొదటి కర్రీ కప్ గెలిచింది. ఆ తర్వాత 1992, 1995, 1996లోనూ గెలిచింది. నటాల్‌కి అది స్వర్ణయుగం అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు.

ఆ వ్యాసాలన్నిట్లో నాకు నచ్చనిది ఇదే. స్కోర్లు రాస్తారు, గ్యాలరీలో ఎవరున్నారో రాయరు. 1990లో ఆ కప్పు వచ్చినప్పుడు డర్బన్‌లోని భారత సంతతి ఇళ్లలో చాలామందికి అది వేరేవాళ్ల పండగ. వాళ్ల ఆట కర్రీస్ ఫౌంటెన్ మైదానంలో, వర్ణవివక్షని ఒప్పుకోని సంఘాల కింద సాగేది. అంకుల్ కూడా అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. రగ్బీలో విడివిడిగా ఉన్న రెండు సంఘాలూ కలిసింది 1992లో. అంటే ఆయన ఇంటికి కారులో పావుగంట దూరంలో ఉన్న జట్టు ఆయన జట్టు కావడానికి అప్పటిదాకా దారే లేదు.

మరి మనసు ఎప్పుడు మారిందని అడిగాను. 1995 ప్రపంచ కప్ సెమీఫైనల్ అన్నారు. ఫ్రాన్స్‌తో, కింగ్స్ పార్క్‌లోనే. కుండపోత వాన. మ్యాచ్ జరగకపోతే క్రమశిక్షణ రికార్డు మెరుగ్గా ఉన్న ఫ్రాన్స్ ఫైనల్‌కి వెళ్లిపోతుంది. మైదానంలో నిలిచిన నీళ్లని చీపుళ్లతో ఊడ్చడానికి ఆడవాళ్లు దిగారు. ఎక్కువమంది నల్లజాతివాళ్లే. మ్యాచ్ జరిగింది, దక్షిణాఫ్రికా 19-15తో గెలిచింది, తర్వాత కప్పూ గెలిచింది. "ఆ మ్యాచ్ గెలిపించింది ఆ చీపుళ్లే, కప్పుతో ఫోటోలో మాత్రం వాళ్లు లేరు" అని అంకుల్ అన్నారు. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. ఆ మరుసటి వారం ఫైనల్ కోసం ఆయన మొదటిసారి టీవీ ముందు కూర్చుని సొంత దేశం గెలవాలని మొక్కుకున్నారట.

తర్వాత జట్టు మారుతూ వచ్చింది. జింబాబ్వే నుంచి వచ్చిన టెండై మ్‌టావరీరా బంతి పట్టుకుంటే చాలు, గ్యాలరీ అంతా 'బీస్ట్' అని సాగదీసి అరిచేది. తెల్లవాళ్లు, జూలూలు, మనవాళ్లు ఒకే గొంతుతో. సూపర్ రగ్బీలో 159 మ్యాచ్‌లూ షార్క్స్‌కే ఆడాడు. అలాంటివాడి మీద కూడా పౌరసత్వం గురించి గొడవ లేపారు. ప్రతిభ కళ్ల ముందు కనిపిస్తుంటే కాగితాలు అడిగే బుద్ధి ఏ దేశంలోనైనా ఒకటే.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఆ స్టేడియం పేరు. స్పాన్సర్ మారినప్పుడల్లా కింగ్స్ పార్క్ ముందు ఏదో ఒక కంపెనీ పేరు. బ్యాంకు, బట్టల కొట్టు, ఆస్తుల కంపెనీ, ఇప్పుడు బెట్టింగ్ సంస్థ. పిల్లలు జెర్సీలు వేసుకుని వచ్చే చోటికి బెట్టింగ్ పేరు పెట్టడం నాకు అస్సలు మింగుడుపడదు. ఊళ్లో మాత్రం ఎవర్ని అడిగినా కింగ్స్ పార్క్ అనే చెబుతారు.

మీరడిగిన సూపర్ రగ్బీ కప్పు ఇక రాదు, ఎందుకంటే దక్షిణాఫ్రికా పెద్ద జట్లు 2021 నుంచి సూపర్ రగ్బీ వదిలి యూరప్ పోటీల వైపు మళ్లాయి. అక్కడ టైమ్ తేడా దాదాపు ఉండదు. ఫలితం చూడండి. 2024 మే 24న లండన్‌లో గ్లోస్టర్‌ని 36-22తో ఓడించి షార్క్స్ యూరప్ క్లబ్బుల పోటీ అయిన చాలెంజ్ కప్ గెలిచారు. యూరప్ కప్పు గెలిచిన మొదటి దక్షిణాఫ్రికా జట్టు వాళ్లదే. సియా మసుకు ఒక్కడే కిక్‌లతో 21 పాయింట్లు సాధించాడు. అదే ఏడాది సెప్టెంబరులో జోహన్నెస్‌బర్గ్‌లో కర్రీ కప్ ఫైనల్. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, చివరి క్షణంలో జోర్డాన్ హెండ్రిక్స్ దాదాపు 60 మీటర్ల దూరం నుంచి పెనాల్టీ కొట్టాడు. లయన్స్ మీద 16-14తో గెలుపు. టైమ్ తేడాలు దాటే ప్రయాణం లేకుండా చూడండి, ఈ జట్టు ఎవరితోనైనా సమానమే.

మీరెప్పుడైనా డర్బన్ వెళ్తే మ్యాచ్ మొదలయ్యే టైముకి కాదు, మధ్యాహ్నమే వెళ్లండి. బయటి మైదానంలో కారు పెట్టుకుని, ఇంటి నుంచి ఏదైనా వండి తీసుకెళ్లండి. పక్కన నాయిడూలో, రెడ్డీలో తప్పకుండా ఉంటారు. వాళ్ల నాన్నలు ఆ స్టేడియంలో ఎక్కడ నిలబడేవాళ్లో అడగండి.