కాక్‌టెయిళ్ళ గురించి రాయాలనుకుంటున్న అమ్మాయికి

సీతమ్మధార,
విశాఖపట్నం

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసాలు మూడూ చదివాను. తెలుగులో రాసేవాళ్ళు పెద్దగా ముట్టుకోని విషయం పట్టుకున్నావు, అందుకు సంతోషం. ఇంట్లో ఏమంటారో అని పడుతున్న టెన్షన్ గురించి తర్వాత చెబుతాను. ముందు రాత సంగతి చూద్దాం.

మన దగ్గర మందు గురించి రాసేవాళ్ళలో ఒకరు నీతులు చెబుతారు, ఇంకొకరు జబ్బలు చరుచుకుంటారు. ఇద్దరి రాతలూ చదివి ఒక్క గ్లాసు కూడా సరిగ్గా కలపలేం. నీ వ్యాసాల్లో రెండో రకం గొంతు అక్కడక్కడా వినబడుతోంది. 'ఒక్క సిప్పుతో స్వర్గం', 'ఆ కిక్కే వేరు' లాంటివి కొట్టెయ్. మీ అమ్మమ్మ ఆవకాయ పెట్టడం ఎలా చెబుతుంది? ఎన్ని ముక్కలకు ఎంత ఆవపిండి, ఎంత ఉప్పు, ఎన్నో రోజు తిరగకలపాలి, అంతే. స్వర్గం ఊసే ఎత్తదు. నువ్వూ అలాగే రాయి.

నెగ్రోనీ అనే కాక్‌టెయిల్ మీద రాసిన వ్యాసంలో సగం, దాన్ని పుట్టించాడని చెప్పే ఇటలీ దొరగారి కథకే పోయింది. కాక్‌టెయిళ్ళ పుట్టుక కథలు ఎక్కువగా బారు కౌంటర్ల దగ్గర పుట్టి పెరిగినవే. ఒక్కో డ్రింకుకి నలుగురు తండ్రులు తేలతారు. నిలబడే ఆధారం ఉన్నదాన్ని మాత్రం ఉంచు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రిక, ఒక పాఠకుడి ప్రశ్నకు జవాబుగా, కాక్‌టెయిల్ అంటే ఏదో ఒక మద్యం, పంచదార, నీళ్ళు, బిటర్స్ (చుక్కల లెక్కన వేసే మూలికల చేదు సారం) అని అచ్చేసింది. విస్కీతో కలిపే ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ ఇవాళ్టికీ ఆ నాలుగే. చరిత్ర చెబితే ఇలా గ్లాసులోకి దారి తీసేదే చెప్పు.

జిన్ టానిక్ గురించి 'మలేరియా రాకుండా కాపాడుతుంది' అన్న వాక్యం మాత్రం ఇవాళే తీసెయ్. తెల్లదొరలు మలేరియా మందైన క్వినైన్ చేదు తగ్గడానికి దాన్ని జిన్నుతో కలుపుకున్నారని చెబుతారు. కానీ ఇప్పటి టానిక్ సీసాలో క్వినైన్ రుచి కోసం వేసేదే. అమెరికాలో అయితే అది పది లక్షల పాళ్ళకు 83 పాళ్ళు దాటకూడదు. పాడేరు మన్యం వైపు పాఠకుడెవరైనా నీ మాట నమ్మి జ్వరంతో కూర్చుంటే? మలేరియా ముచ్చట అంత కావాలంటే, దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. దానికి రెండు వాక్యాలు చాలు.

మొదటి వ్యాసానికి విస్కీ వద్దు, రమ్ము పట్టుకో. మన దేశంలో చవగ్గా దొరికే విస్కీల్లో చాలావాటికి చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే ఆధారం. దానితో ఓల్డ్ ఫ్యాషన్డ్ కలిపినవాడికి నువ్వు వర్ణించిన రుచి రాదు, నిన్ను తిట్టుకుంటాడు. రమ్ము పుట్టుకే చెరకు నుంచి కాబట్టి ఆ పేచీ లేదు. పైగా క్యూబాలో పుట్టిన డైకిరీకి కావలసినవి రమ్ము, నిమ్మరసం, పంచదార. మూడూ జగదాంబ జంక్షన్ నుంచి నడిచి వెళ్ళి కొనుక్కోవచ్చు. నెగ్రోనీకి కావలసిన కంపారీ అనే చేదు లిక్యూర్, వెర్మూత్ అనే మూలికల వైన్ కోసం నీ పాఠకుడు పార్వతీపురంలో ఎక్కడ వెతకాలి?

నువ్వు అశ్రద్ధ చేసింది కొలతల్ని. 'కొంచెం నిమ్మరసం పిండి' అంటే ఎంత? పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లని మనవాళ్ళందరికీ తెలుసు, అక్కడి నుంచి మొదలుపెట్టు. డైకిరీకి వైట్ రమ్ము 60, నిమ్మరసం 20, పంచదార పాకం 20. పాకం అంటే సమానంగా పంచదార, నీళ్ళు కరిగించినదే, తీగపాకం దాకా రానివ్వకూడదని ఒక ముక్క రాయి. లేకపోతే మనవాళ్ళు అలవాటు కొద్దీ పొయ్యి మీదే ఉంచేస్తారు. ఇంకో సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో లైమ్ అంటే చాలాసార్లు గింజల్లేని పెద్ద పర్షియన్ రకం. మన కాగితపు నిమ్మ చిన్నది, ఘాటు ఎక్కువ, పులుపూ ఎక్కువే. అక్కడ 30 అని ఉంటే ఇక్కడ 20తో మొదలుపెట్టి, రుచి చూసి పెంచమనాలి. ఈ తేడా చెప్పడానికే తెలుగులో రాసేవాళ్ళు కావాలి. లేకపోతే ఆ ఇంగ్లీషు పుస్తకమే చదువుకోవచ్చు కదా!

కాయ లెక్కన మాత్రం చెప్పకు. ఎండాకాలం కాయకూ వానాకాలం కాయకూ రసంలో చాలా తేడా ఉంటుంది.

నిమ్మరసం ఉన్నదాన్ని ఐసుతో గట్టిగా కుదపాలి, ఉత్త మద్యాలే ఉన్నదాన్ని స్పూనుతో నిదానంగా తిప్పాలి. ఈ నియమం రాశావు, బాగుంది. ఎందుకో రాయలేదు. కుదిపితే గాలి చేరి నురగ వస్తుంది, పులుపూ తీపీ కలిసిపోతాయి. తిప్పితే తేటగా ఉంటుంది. రెంటిలోనూ ఐసు కరిగి నీరు చేరడం తప్పు కాదు, అదీ రెసిపీలో భాగమే. పన్నెండు సెకన్లు కుదిపిన డైకిరీలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కరిగిన ఐసే ఉంటుంది. షేకర్ లేనివాళ్ళు వెడల్పు మూతి స్టీలు వాటర్ బాటిల్ వాడి, టీ వడకట్టే జల్లెడతో పోసుకోవచ్చు.

ఐసు గురించి నువ్వు ఒక్క మాటా రాయకపోవడం వింతగా ఉంది, విశాఖలో ఉంటూ! మన ఇళ్ళలో ఫ్రీజర్ అంటే సగం వంజరం ముక్కలూ రొయ్యలే. మూత లేని ట్రేలో ఐసు నీచు వాసన పట్టేస్తుంది. ఎంత మంచి రమ్ము పోసినా డైకిరీలో చేపల పులుసు గుర్తొస్తుంది. మూతున్న డబ్బాలో, పెద్ద ముక్కలుగా గడ్డకట్టించమను. పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది, మే నెల ఉక్కలో మరీ అవసరం. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే ఐసు దిమ్మలు చేపలకే. అదీ రాయి, ఎవరికైనా ఆ ఆలోచన రావచ్చు.

నీ మూడు వ్యాసాల్లో నాకు నచ్చింది లిక్యూర్ల మీద, అంటే తీపీ సువాసనా కలిపిన మద్యాల మీద రాసింది. నిమ్మతొక్కతో చేసే ఇటలీ లిక్యూర్ లిమోన్చెల్లోకి ఇటలీ నిమ్మకాయలు ఎక్కడ తేవాలని బాధపడ్డావు. రైతు బజారులో దబ్బకాయ కనబడలేదా? పెద్ద కాయ, మందపాటి తొక్క, గోరు తగిలితే చాలు, గదంతా వాసన. దాని పైపొరను మాత్రం పీలర్‌తో పల్చగా తియ్యాలి. కింది తెల్లటి బెండు పడిందో, చేదు ఎక్కుతుంది. రెండు కాయల తొక్కని 750 మిల్లీలీటర్ల వోడ్కాలో గాజు సీసాలో వేసి, రంగు పాలిపోయేదాకా వారం పది రోజులు ఎండ తగలని చోట ఉంచాలి. ఇటలీలో 95 శాతం స్పిరిట్ వాడతారు కాబట్టి అక్కడ నూనె తొందరగా దిగుతుంది. మన సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, అందుకే ఇక్కడ ఓపిక కావాలి. తర్వాత వడకట్టి, 300 గ్రాముల పంచదార 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, పూర్తిగా చల్లారాక కలపాలి. అప్పుడు అది కాస్త మబ్బు పట్టవచ్చు. పాడైపోయిందని పారబోసేవాళ్ళుంటారు, ముందే చెప్పు: ఆల్కహాలు పల్చబడేసరికి తొక్క నూనె అందులో కరిగి ఉండలేక బయటపడుతుంది, అంతే.

లెక్క కూడా చూపించు. వోడ్కాలో ఆల్కహాలు 321 మిల్లీలీటర్లు, పాకంతో కలిపి మొత్తం సుమారు 1135. అంటే 28 శాతం. యూరప్‌లో లిక్యూర్ అనిపించుకోవడానికి 15 శాతం ఆల్కహాలు, మామూలుగా లీటరుకు 100 గ్రాముల పంచదార చాలు. నీది రెండూ దాటేసింది. తియ్యగా చల్లగా ఉంది కదా అని గ్లాసులకొద్దీ తాగితే ఏమవుతుందో ఆ 28 అంకే చెబుతుంది, నువ్వు విడిగా హెచ్చరించక్కర్లేదు. చిన్న పెగ్గు, 30, అని కొలత రాస్తే చాలు. తొక్క తీసిన కాయల రసం పులిహోరకు పనికొస్తుంది.

కాఫీ లిక్యూర్‌కి అరకు అరబికా గింజలు (2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది), డార్క్ రమ్ము, అనకాపల్లి బెల్లం. చికోరీ కలిసిన పొడి వద్దు. బరకగా దంచిన గింజలు ఒకటి రెండు రోజులకు మించి నానితే చేదెక్కుతుంది. బెల్లం పాకం పల్చటి గుడ్డలో వడకట్టమను, అడుగున ఇసుక ఉంటుంది.

ఒక్క గీత మాత్రం దాటకు. కొన్న మద్యంలో తొక్కో గింజో నానబెట్టడం వేరు, కాయడం వేరు. ఇంట్లో సారా కాయడం నేరం, ప్రాణాంతకం కూడా. నానబెట్టింది అమ్ముకుంటే అదీ నేరమే. మన రాష్ట్రంలో మద్యం కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. ఇవి వ్యాసంలో ఒక చోట, గొంతు పెంచకుండా రాయి.

'మా ఆయన ఫుల్లు' రకం జోకులు కూడా తీసెయ్. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో సడలించారు. ఆ ఉద్యమంలో నడిచినవాళ్ళ కూతుళ్ళు ఇప్పుడు నీ పాఠకులు. వాళ్ళకి తాగుబోతు మొగుడు జోకు కాదు.

మారుపేరు పెట్టుకోనా అని అడిగావు. పెట్టుకో, తప్పేం లేదు. కానీ మారుపేరు ఉంది కదా అని ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా రాయకు. ఇంట్లో చెప్పాలనుకుంటే ముందు మీ అమ్మగారికి దబ్బకాయ వ్యాసం చూపించు. తొక్క ఎంత పల్చగా తియ్యాలో నీకంటే ఆవిడకే బాగా తెలుస్తుంది, ఒకటి రెండు దిద్దుబాట్లు కూడా దొరుకుతాయి.

ఆ వ్యాసమే మళ్ళీ రాసి పంపు. ఈసారి తొక్కను గ్రాముల్లో తూచి రాయి, 'రెండు కాయలు' అన్న నా మాట నమ్మకు. నెగ్రోనీ ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ఉంటాను,
మీ మాస్టారు