చిన్నబాబుకి, నేలఉసిరి గురించి

చిరంజీవి చిన్నబాబుకి మీ మేనత్త దీవించి రాస్తున్నది.

పొలంలో కలుపు మొక్కల్ని ఎండబెట్టి, పొడి కొట్టి పర్లాకిమిడిలో అమ్ముతానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత సంతోషించానో! మనం కూలి ఇచ్చి పీకించి గట్టు మీద పారేసేవాటి విలువ నీకు తెలిసింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టలేదు.

కలుపు మందు కొట్టిన గట్టు మీద ఆకు కోయకు. పక్క చేనువాళ్లనీ అడుగు. కడిగి నీడన ఆరబెట్టు. వయ్యారిభామ ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి, చూసుకో. ఉమ్మెత్త జోలికే పోకు. గుంటగలగరని పోల్చుకోవడం తేలికే, కాడ నలిపితే పసరు కాసేపట్లో నల్లబడుతుంది. దాన్ని కొబ్బరినూనెలో కాచి తలనూనెగా అమ్ముకో, నాకు భయం లేదు. కోతల్లో కొడవలి తగిలి చెయ్యి తెగితే మీ తాత గడ్డిచామంతి ఆకే నలిపి అద్దేవారు. ఒడియావాళ్లు దాన్ని విశల్యకరణి అంటారు, లక్ష్మణుడి కోసం తెచ్చిన మూలిక పేరు! అయినా గాయమైతే టెటనస్ ఇంజెక్షన్ మాత్రం మానకు.

నా భయమంతా నేలఉసిరి దగ్గరే.

నీకు మూడేళ్లప్పుడు మీ తాతకి కళ్లు పచ్చబడ్డాయి. ఏ కామెర్లో కనుక్కోకుండా వైద్యం నేనే మొదలుపెట్టాను. నేలఉసిరి వేళ్లతో సహా పీకి, నూరి, ఉసిరికాయంత ముద్ద మజ్జిగలో కలిపి పరగడుపున పట్టించాను. అంతకుముందు ఊళ్లో ఎంతమందికో ఇచ్చాను, తగ్గింది. చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయని అప్పుడు నాకు తెలీదు. పదకొండు రోజులు ఇచ్చాను. నాన్న ఒళ్లంతా గోక్కునేవారు. ఛాతీ మీద గోళ్ల గీతలు, బనీను మీద రక్తపు చుక్కలు. విరేచనం సుద్దమట్టిలా తెల్లగా అవుతోందని ఆయనే సిగ్గుపడుతూ చెప్పారు. పథ్యం తిండి వల్లేమో అన్నాను. పన్నెండో రోజు చలిజ్వరంతో వణికిపోతుంటే బరంపురం తీసుకెళ్లాం. పైత్యరసం వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడిందట. అక్కడ రాయి ఉంటే ఏ ఆకు నూరిపోసి ఏం లాభం? "ఇన్నాళ్లు ఎందుకాగారమ్మా" అన్నాడు డాక్టరు, అంతే. ఆపరేషన్ చేసి బతికించారు. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంటికొచ్చాక మజ్జిగ గ్లాసు మళ్లీ నా చేతి నుంచే అందుకున్నారు. నేనే తల ఎత్తలేకపోయాను.

అందుకే పొట్లం మీద 'కామెర్లకు' అని రాయకు. మందుగా తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి మందుల చట్టం కింద లైసెన్సు కావాలి, అది వేరే సంగతి. పచ్చబడ్డ కళ్లతో ఎవరొచ్చినా ముందు రక్తపరీక్షకి పంపు. దురద, తెల్ల విరేచనం, జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమను. ఎంత బతిమాలినా పొడి ఇవ్వకు. ఇచ్చావని తెలిస్తే నేనొచ్చి ఆ పొట్లాలన్నీ పారబోస్తాను, చెబుతున్నా.

శ్రావణంలో వస్తాను. నేలఉసిరిలో ఎర్ర కాడదీ ఉంటుంది, పచ్చ కాడదీ ఉంటుంది. ఏది ఏదో పొలంలోనే చూపిస్తాను. మోకాళ్లు సహకరించడం లేదు నాన్నా, గట్టు మీద చెయ్యి పట్టుకుందువుగాని.