‘ముక్కుసూటి పిల్ల... ఎక్కడ నెగ్గుకొస్తుంది?’

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. అమ్మాయి బీకాం చేసి, సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసైంది. సీఏ ఆఫీసులో చేసే శిక్షణ, అదే ఆర్టికల్‌షిప్‌లో చేరి ఎనిమిది నెలలు. ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ స్టాక్ ఆడిట్‌కు వెళ్లకుండానే బస్తాల లెక్క రాసిమ్మన్నారట. రాయనంది. అప్పట్నుంచి ఆఫీసుకే వెళ్లడం లేదు. అందరూ చేసేదేగా, కాస్త సర్దుకుపొమ్మన్నాను. నాతో మాట్లాడటం మానేసింది. సీఏ మాన్పించి హైదరాబాద్‌లో లీడర్‌షిప్ స్పెషలైజేషన్‌తో ఎంబీఏ చేయిద్దామా? మొత్తం 18 లక్షలు అవుతుంది, లోన్ పెడతాం. రెండింట్లో ఏది మేలు? ఇంత ముక్కుసూటి పిల్ల ఎక్కడైనా పైకొస్తుందా?

జవాబు: మీరడిగింది సీఏనా, ఎంబీఏనా అని. అసలు దిగులు మాత్రం చివరి వాక్యంలో ఉంది. బ్రాడీపేట నుంచైనా, బెజవాడ పటమట నుంచైనా ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ కోర్సు పేరు మారుతుంది, ఆ వాక్యం మారదు. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

కటువుగా ఉన్నా వినండి. ఆఫీసులో అంతమంది పెద్దవాళ్ల ముందు ‘రాయను’ అని నిలబడి ఇంటికొచ్చిన పిల్లకు మీరిచ్చిన జవాబు ‘సర్దుకుపో’. ఆమె మాట్లాడటం మానేసింది ఆడిట్ ఆఫీసు మీద కోపంతో కాదండీ.

ఆమెను అడిగింది చిన్న పనేమీ కాదు. స్టోరేజీలో ఉన్న సరుకును చూపించి వ్యాపారి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. సరుకు విలువలోంచి సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ తీసేసి, మిగిలినదాంట్లో మామూలుగా 25 శాతం మార్జిన్ పట్టుకుని, తక్కింది వాడుకోనిస్తారు. దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. బస్తా 40 కిలోలు, కిలో 150 రూపాయలు అనుకోండి. లేని వెయ్యి బస్తాలు ఉన్నట్టు రాస్తే 60 లక్షల సరుకు కాగితం మీద పుడుతుంది. దాని మీద 45 లక్షల అప్పుకు తాకట్టే ఉండదు.

ఈ లెక్క కుర్చీలో కూర్చుంటే తేలేది కాదు. ఛాంబర్ వారీగా వెళ్లాలి. నిట్టులో (పేర్చిన బస్తాల దొంతరలో) ఎన్ని వరసలు, వరసకు ఎన్ని బస్తాలు, ఎంత ఎత్తు అని గుణించి, మధ్యలో వదిలిన ఖాళీలు తీసేయాలి. లాట్ నంబర్లను స్టోరేజీ రిజిస్టరుతో, స్టోరేజీ ఇచ్చే రసీదులైన బాండ్లతో సరిపోల్చాలి. అదే లాట్ వేరే బ్యాంకులో కూడా తాకట్టులో ఉందేమో అడగాలి. కొన్ని బస్తాలు విప్పించి తూకం వేయించాలి, ఎందుకంటే పైన తేజ రకం మిర్చి, లోపల నాసిరకం తాలు ఉండొచ్చు. ధరలో ఆ రెంటికీ ఎంత తేడానో గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రిపోర్టు మీద సంతకం సీఏ ఆఫీసు పార్ట్‌నర్‌దే, కానీ ఆ సంతకం నిలబడేది కిందివాళ్లు తెచ్చిన లెక్క మీద. మీ అమ్మాయి పని ఎగ్గొట్టలేదు. ఆ రోజు ఆఫీసులో ఆడిట్ అనదగ్గ పని చేసింది ఆమే.

ఇక ‘పైకొచ్చేవాళ్ల’ సంగతి. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు బీకాం చదివింది మన విజయవాడ లయోలాలోనే. తర్వాత అమెరికాలో ఎంబీఏ కూడా చేశారు. 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో ఆయనే ఒప్పుకున్న లెక్కలు చూడండి. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో అసలు నిర్వహణ లాభం 61 కోట్లు, చూపింది 649 కోట్లు. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఇంత తేడా ఒక్క రాత్రిలో రాలేదు. మొదట్లో చిన్నదేనని, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందని, పులి మీద స్వారీలా తయారైందని ఆయనే రాశారు.

పెద్దవాళ్లు జారిపోయే దారి చాలాసార్లు ఇదే. దొంగతనం చేద్దామని ఎవరూ మొదలుపెట్టరు. మార్కెట్‌కు ఓ మాట ఇస్తారు, ఆ మూడు నెలలూ సరిగా ఆడదు. వచ్చే త్రైమాసికంలో సరిచేద్దాంలే అని ముందు కాలం నుంచి లాభాన్ని అప్పు తెచ్చుకుంటారు. రాని లాభం రాశాక అది ఎక్కడో నగదుగానో బాకీగానో కనబడాలి, కాబట్టి రెండో అబద్ధం తప్పనిసరి. మళ్లీ త్రైమాసికం వస్తుంది. ఇప్పుడు తక్కువ లాభం చూపిస్తే పాతది బయటపడుతుంది, అంచేత ఈసారి ఇంకాస్త ఎక్కువ రాయాలి. ఈలోగా పదవి పెరిగి, చుట్టూ ‘అవును సార్’లు మిగులుతారు. కాదన్నవాళ్లకు ఇంక్రిమెంటు ఉండదు, ఔనన్నవాళ్ల బోనస్సు ఆ అంకెలతోనే ముడిపడి ఉంటుంది. మాటలు కూడా మారతాయి. తప్పుడు లెక్క అనరు, ‘అడ్జస్ట్‌మెంట్’ అంటారు. మీ ఇంట్లో వాడిన ‘సర్దుకుపో’ కూడా అదే మాటండీ, కాకపోతే తెలుగులో.

సర్దుకుపోయినవాళ్లకు ఏమైందో కూడా చెప్పాలి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది రామలింగరాజు ఒక్కరికే కాదు, మొత్తం పదిమందికి. అందులో ఇద్దరు ఆడిటర్లు, అంతర్గత ఆడిట్ అధిపతి, ఫైనాన్స్ విభాగం ఉద్యోగులూ ఉన్నారు. అప్పీలు మీద శిక్ష అమలు తర్వాత ఆగింది. కానీ ఆ ఉద్యోగులు ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది ఎవరి లాభం కోసం?

ఎంబీఏ గురించి. క్యాట్‌లో మంచి స్కోరు తెచ్చుకుని, నాలుగేళ్లు పనిచేశాక చేసే ఎంబీఏ మీద నాకే అభ్యంతరమూ లేదు. కోర్సు పేరులో ‘లీడర్‌షిప్’ ఉంటేనే నాకు అనుమానం. ఇరవై రెండేళ్ల పిల్లకు ఎవరూ నాయకత్వం అప్పజెప్పరు, టార్గెట్ ఇస్తారు. ఇలాంటి కోర్సుల తర్వాత చేతికొచ్చేది చాలావరకు అకౌంట్లు, పాలసీలు, లోన్లు అమ్మే ఉద్యోగమే. టార్గెట్ ఒత్తిడి ఎంతదూరం తీసుకెళ్తుందో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు చూపించింది. ఖాతాదారులకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారని 2016లో బయటపడింది. అప్పటికి ఉద్యోగాలు పోయినవాళ్లు 5,300 మంది. బస్తాల లెక్క రాయనన్న పిల్లను అలాంటి కౌంటర్లో కూర్చోబెడితే రెండో నెలలో మీరు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

పైగా లోన్ ఒకటి. 18 లక్షలు, 11 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే, చదువుకునే కాలపు వడ్డీ కలపకుండానే నెలకు 30,800 దాకా కట్టాలి. మనిషి చేత తప్పుడు సంతకం పెట్టించేది చాలాసార్లు దురాశ కాదు, ఒకటో తారీకు ఈఎంఐ. ‘చేయను’ అని లేచి రావాలంటే చేతిలో ఆర్నెల్ల ఖర్చు ఉండాలి. మీరేమో ముందే ఆమె నెత్తిన అప్పు పెడతానంటున్నారు. అయినా ఆ కాలేజీ వైపే మనసు లాగితే ఒక్కటి అడగండి: సగటు జీతం కాదు, మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం) ఎంత, ఉద్యోగం వచ్చినవాళ్లలో సేల్స్‌లోకి వెళ్లింది ఎందరు, ఏడాది తర్వాత అక్కడే ఉన్నది ఎందరు? రాతపూర్వకంగా ఇమ్మనండి.

సీఏ మానొద్దు, ఆఫీసు మారిస్తే చాలు. ఊరికే వెళ్లడం మానేస్తే ఆ రోజులు సెలవులో పోతాయి, సెలవు దాటితే శిక్షణ పొడిగించాలి. అందుకని ముందు వెళ్లమనండి. వర్కింగ్ పేపర్లలో, అంటే ఆడిట్ పని రాసుకునే కాగితాల్లో, తను చూసింది, చూడనిది తేదీలతో రాసిపెట్టాలి. లెక్క రాయమని మళ్లీ అడిగితే వాదన వద్దు, మెయిల్లో ఓ ప్రశ్న చాలు: ‘సార్, నేను స్టోరేజీకి వెళ్లలేదు కదా, లెక్కించిన తేదీ ఏమని రాయాలి?’ చాలామంది అక్కడితో ఆగిపోతారు. క్లయింట్ కాగితాల కాపీలు మాత్రం ఇంటికి తేకూడదు, ఫొటోలూ తీయకూడదు. గోప్యత తప్పితే నేరం ఆమె మీదకే వస్తుంది.

మారడానికి ఫారం 109 మీద ప్రిన్సిపల్ (ఆమెకు శిక్షణ ఇస్తున్న సీఏ) సంతకం కావాలి. గొడవపడి అడిగితే నెలలు సాగుతుంది, కాబట్టి కారణంగా ‘వేరే రకం ఆడిట్ అనుభవం కావాలి’ అంటే చాలు, అదీ నిజమేగా. సీఏ ఇన్‌స్టిట్యూట్‌కు గుంటూరులోనూ, విజయవాడలోనూ బ్రాంచీలున్నాయి, బదిలీ నిబంధనలు అక్కడ కనుక్కోవచ్చు. కొత్త ఆఫీసు ఇంటర్వ్యూలో పాతవాళ్ల మీద చాడీలు చెప్పొద్దు. వర్కింగ్ పేపర్లు ఎవరు చూస్తారు, స్టాక్ లెక్కకు ఎంతమంది వెళ్తారు, ఒక్కో పార్ట్‌నర్ కింద ఆర్టికల్స్ (శిక్షణలో ఉన్నవాళ్లు) ఎందరు అని ఆమే అడగాలి. మొహం చిట్లిస్తే ఆ మెట్లు దిగేయమనండి.

రాత్రి భోజనాల దగ్గర ఎంబీఏ ఊసెత్తకండి. ఆ స్టోరేజీలో అసలు ఎన్ని బస్తాలుండొచ్చని నీకు అనిపించింది అని అడగండి, ఆమెను చెప్పనివ్వండి.