చెమట పట్టలేదంటే నీరు పోలేదని కాదు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. వయసు 46. రోజూ ఆరున్నరకి మేడ మీద 12 సూర్య నమస్కారాలు, ఆపైన కపాలభాతి (ముక్కుతో గబగబా ఊపిరి వదిలే ప్రాణాయామం) చేస్తాను. ఏప్రిల్ నుంచి వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, మధ్యాహ్నానికి తలనొప్పి. చెమట పట్టడం లేదుగా, ఎండ వల్ల కాదంటున్నారు ఇంట్లో. మానేయమంటారా?

జవాబు: మానక్కర్లేదమ్మా. వేళ మార్చండి, లెక్క తగ్గించండి. హైదరాబాద్‌ది పొడి ఎండ. విజయవాడలోలా బట్టలు తడిసి ముద్దవవు, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. నీరు మాత్రం పోతూనే ఉంటుంది. పైగా వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి. అలాంటప్పుడు ముందుకి వంగి పాదాలు అందుకునే పాదహస్తాసనం నుంచి గభాల్న లేస్తే రక్తం కాళ్లలో నిలిచి, తలకి ఒక్క క్షణం తక్కువ అందుతుంది. మోకాళ్లు కాస్త వంచి, చేతులు తొడల మీద ఆనించి లేవండి. తల అన్నిటికన్నా చివర ఎత్తాలి. బీపీ మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

మేలో ఇక్కడ ఐదూ ముప్పావుకల్లా పొద్దు పొడుస్తుంది. ఐదుంపావుకి మొదలుపెట్టి ఆరింటికి చాప చుట్టేయండి. నమస్కారాలు 4 చాలు. కపాలభాతి బదులు చలవ ప్రాణాయామం శీతలి చేయండి. నాలుకను గొట్టంలా చుట్టి కొద్దిగా బయటికి చాపి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, నోరు మూసి, ఆరు అంకెలసేపు ముక్కుతో వదలాలి. 8 నుంచి 10 సార్లు. నాలుక చుట్టుకోకపోతే పళ్లు కలిపి సందుల్లోంచి పీల్చండి, అది సీత్కారి. నోటితో పీల్చే గాలికి ముక్కులోని వడపోత ఉండదు. అందుకే మెయిన్ రోడ్డు వైపు బాల్కనీలో వద్దు, జలుబు, ఉబ్బసం ఉన్నప్పుడూ వద్దు.

లేవగానే గ్లాసు కుండనీళ్లు. ఆసనాలయ్యాక మజ్జిగ: ఒక వంతు పెరుగుకి నాలుగు వంతుల నీళ్లు, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం. టిఫిన్‌కి ఉప్మా కన్నా రాగి అంబలి నయం. రెండు చెంచాల పిండి రాత్రే కాసిని నీళ్లలో నానబెట్టి, పొద్దున గ్లాసున్నర మరిగే నీళ్లలో పోసి, ఉండకట్టకుండా తిప్పుతూ పది నిమిషాలు ఉడికించండి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ కలపాలి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది. కొత్తావకాయ వద్దనడానికి నోరు రావడం లేదు. మధ్యాహ్నం నెయ్యితో ఒక్క ముద్ద, వెంటనే పెరుగన్నం. రాత్రికి మాత్రం బీరకాయో సొరకాయో.

ప్రశ్న: మెహిదీపట్నంలో ఉంటాను. రాత్రి ఎనిమిదికి ఆఫీసు నుంచి వచ్చి కూలర్ ముందు ఆసనాలు వేస్తున్నా ఉక్కపోస్తోంది. ఎందుకు?

జవాబు: కిటికీలు మూసి ఉంటారు. కూలర్ తోసే తడిగాలికి బయటికి దారి లేకపోతే గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. కూలర్‌ని కిటికీకి ఆనించి పెట్టి, ఎదురుగా ఉన్న కిటికీ బెత్తెడు తెరవండి. భోజనం ఆసనాలయ్యాకే.