ఫెలోషిప్ ఆగాక ఆరో ఏడు గడిచేదెలా?

ప్రశ్న: బరంపురం యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌తో చేరి మూడేళ్ల నాలుగు నెలలైంది. ఇప్పుడు దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ కింద నెలకు 42,000 వస్తుంది, అదీ ఒక్కోసారి మూడు నెలలది కలిపి. హాస్టల్లో నా ఖర్చు 18,000. పర్లాకిమిడిలో అమ్మానాన్నలకు 12,000 పంపుతాను. హరికథలు కూడా చెబుతాను. కథకు 12,000 ఇస్తారు. మృదంగం, వయొలిన్ వాళ్లకు చెరో 3,000, కారుకు 2,000 పోతుంది. ఏడాదికి పదో పన్నెండో కథలు. సొంత మైక్ సెట్టు, మంచి హార్మోనియం కొనడానికి బంగారం మీద 80,000 తీసుకోనా? కథలు మానేసి చదువు చూసుకోమంటున్న నాన్నగారి మాట విననా?

జవాబు: కథలు మానక్కర్లేదమ్మా. అప్పు మాత్రం వద్దు. కథకు మీ చేతిలో మిగిలేది 4,000. పన్నెండు కథలు చెప్పినా ఏడాదికి 48,000. అంటే 80,000 అసలు తీరడానికే దాదాపు రెండేళ్ల కథలు పోతాయి, వడ్డీ వేరే. అయినా పందిరి వేసే కమిటీ వాళ్లు మైకు పెట్టకుండా కథ చెప్పిస్తారా? హార్మోనియం సెకండ్ హ్యాండ్‌ది చూడండి, కథల డబ్బుతోనే.

నాకు టెన్షన్ పెట్టింది వేరే సంగతి. గంజాం తెలుగు యాస, ముఖలింగం శాసనాలు, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ, మూడూ ఒకే థీసిస్‌లో పెట్టానని ఉత్తరం చివర రాశారు. అంశం బాగుంది, కానీ ఇలాంటివి అనుకున్న టైముకు తెమలవు. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, ఐదేళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది. మీకిక మిగిలింది 20 నెలలు. థీసిస్ ఆరో ఏట పడితే ఆ ఏడాది తిండికి 2,16,000 కావాలి.

మీ లెక్కలోనే ఆ డబ్బుంది. 42,000లో 30,000 పోతే 12,000 మిగులుతుంది. అందులో 11,000 పక్కన పెడితే 20 నెలలకు 2,20,000. దీనికి నెలనెలా కట్టే ఆర్‌డీ వద్దు. ఫెలోషిప్ ఆలస్యమైతే వాయిదా తప్పి జరిమానా పడుతుంది. డబ్బు పడిన రోజే, ఎన్ని నెలలది వస్తే అన్ని 11,000లు చిన్న చిన్న ఎఫ్‌డీలుగా వేయండి. అవసరమైతే ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. పీపీఎఫ్ ఇప్పుడొద్దు, అది పదిహేనేళ్ల వ్యవహారం.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫెలోషిప్ తీసుకుంటూ మరోచోట జీతం, పారితోషికం తీసుకోకూడదని, ఆ ఫెలోషిప్ ఇచ్చే యూజీసీ షరతు ఉంది. కథకిచ్చే సంభావన దాని కిందికి వస్తుందో రాదో గైడ్ గారి ద్వారా యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి. "ఫరవాలేదులే" అన్న నోటిమాట ఆడిట్‌లో పనికిరాదు. జవాబు వచ్చేదాకా కొత్త కథలకు తాంబూలం పుచ్చుకోకండి.

పన్ను గురించి బెంగ వద్దు. చదువు కోసం ఇచ్చే ఫెలోషిప్‌కు సాధారణంగా మినహాయింపు ఉంటుంది, కథల ఆదాయం పన్ను పరిమితికి చాలా దిగువన ఉంది. ఎవరైనా టీడీఎస్ పేరుతో ముందే పన్ను పట్టుకుంటే మాత్రం రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

పైన చెప్పిన 2,16,000 మీ ఒక్కరి ఖర్చుకే. ఆరో ఏడు పర్లాకిమిడికి 12,000 వెళ్లదు. ఆ మాట నాన్నగారితో ఇప్పుడే అనండి, 20 నెలల్లో ఆయన ఏర్పాట్లు ఆయన చేసుకుంటారు.